మావాడికి మానిటర్

గిరిప్రసాద్ సారుకి కంప్యూటర్లో తుపాకుల ఆట పిచ్చి ఉందని చెబితే పూతలపట్టు చుట్టుపక్కల ఒక్కరూ నమ్మరు. నమ్మకపోగా చెప్పినవాణ్ణే నాలుగు కడిగేస్తారు. అక్కడి హైస్కూల్లో లెక్కల మేష్టారు, కాపురం చిత్తూరులో. నలభై దాటి చాలా రోజులైంది. నుదుట గంధం బొట్టు, ఒంటిమీద ఇస్త్రీ మడత చెదరని చొక్కా. పైగా పిల్లల తల్లిదండ్రుల మీటింగు జరిగిందంటే చాలు, మైకు పట్టుకుని ఆయన మొదలుపెట్టే మాట ఒకటే: "ఈ గేములు మీ పిల్లోళ్ల నెత్తురు తాగేస్తా ఉండాయి, సూసుకోండి!" ఎవరి దగ్గర ఫోను దొరికినా బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. అమ్మో నాయనో వచ్చి అడిగితేనే ఇస్తాడు. అదీ ఊరికే ఇవ్వడు. కూలి పని మానుకుని వచ్చిన కుప్పయ్య అనే తండ్రిని మొన్న వరండాలో నిలబెట్టి, కొడుకును పెంచడం చేతకాదా అని అందరి ముందూ దులిపేశాడు. కుప్పయ్య చేతులు కట్టుకుని అంతా విని, ఫోను తీసుకుని పోయాడు. ఆ సాయంత్రం మన సారు ఇంటికొచ్చి ఏం చేశాడంటారు? కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, గది తలుపు దగ్గరగా వేసి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆట మొదలుపెట్టాడు!

దీనంతటికీ మూలం కరోనా రోజులు. ఆన్‌లైన్ క్లాసులకని అప్పుడొక కంప్యూటర్ కొన్నాడు. పిల్లల్ని పాడుచేస్తున్న ఆ ఆట ఏమిటో ఒకసారి చూస్తే తిట్టడానికి బాగుంటుందని దాన్ని అందులో దించాడు. చూశాడు. చూసినవాడు చూసి ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. ఆన్‌లైన్లో ఆడే గూడూరు కుర్రాళ్లు కొందరు ఆయన్ని తమ జట్టులో కలుపుకున్నారు. వాళ్లకి ఈయన వయసు తెలియదు, ఉద్యోగం తెలియదు. "బ్రో" అని పిలుస్తారు. రోజంతా "సార్, సార్" అని చేతులు కట్టుకునే పిల్లల మధ్య బతికే మనిషికి ఆ పిలుపు ఎంత బాగుండేదో చెప్పలేం.

ఇంట్లో పంకజాక్షికి మాత్రం అంతా తెలుసు. ఆవిడ ఏనాడూ దెప్పలేదు. "తాగుడు లేదు, పేకాట లేదు. ఆడుకుంటే ఆడుకోండి. అన్నం సల్లారిపోకముందే లేసొస్తే అదే పదివేలు" అనేది. లోకం మొత్తం మీద ఆ ఆట విషయంలో ఆయన సిగ్గుపడనక్కరలేని మనిషి ఆవిడ ఒక్కతే.

కంప్యూటర్‌తో పాటు వచ్చిన మానిటర్ పాతబడింది. గోడ చాటునుంచి శత్రువు ఇవతలికి దూకితే, ఆ తెర మీద వాడు మనిషిలా కాకుండా ఒక చారలా సాగేవాడు. ఆ చార మనిషేనని పోల్చుకునేలోగా ఈయన చచ్చేవాడు. "బ్రో, తప్పు నీ సేతిలో లేదు, నీ మానిటర్లో ఉండాది. మార్చు బ్రో" అని గూడూరు కుర్రాళ్లు పోరు పెట్టారు. కళ్లు మండుతున్నాయని ఈయన రుద్దుకోవడం చూసి పంకజాక్షి కూడా, "మంచిది కొనుక్కోండి, కండ్లు పోగొట్టుకోవద్దు" అంది. ఇక సారు మానిటర్ల మీద పడ్డాడు. తెర రకాన్ని చెప్పే ప్యానెల్ అంటే ఏమిటి, బొమ్మ మారే వేగాన్ని చెప్పే హెర్ట్జ్ అంటే ఏమిటి, ఏ సైజు ఏ గ్రాఫిక్స్ కార్డుకి సరిపోతుంది, అన్నీ చదివాడు. బీఈడీ పరీక్షకు కూడా అంత చదివి ఉండడు.

కొనడం ఎక్కడ? చిత్తూరులో ఏ కంప్యూటర్ అంగట్లోకి పోయినా ఈయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే కౌంటర్లో ఉంటాడు. కాబట్టి తిరుపతి. ఎలాగూ ఏటా కొండకు పోవడం ఉంది, గుండు కొట్టించుకోవడం ఉంది. దర్శనం చేసుకుని కిందికి దిగి, అటునుంచటే కొనుక్కుని వచ్చేయొచ్చు. గుండుతో ఉన్న మనిషిని తిరుపతిలో ఎవడు పట్టించుకుంటాడు? ఇంతకంటే మంచి మారువేషం లేదనుకున్నాడు, మహానుభావుడు.

బస్టాండుకు కొంచెం అవతల ఆ అంగడి. అద్దాల తలుపు, లోపల చల్లగా ఏసీ, గోడ పొడుగునా వెలుగుతున్న తెరలు. షాకిర్ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. సన్నటి గడ్డం, చలాకీ మనిషి.

"రండి సార్, రండి మేడమ్. కొండ దిగొస్తా ఉండారా? దర్శనం బాగా అయిందా?"

"అయిందప్పా" అన్నాడు గిరిప్రసాద్.

"ఏం సూపించమంటారు?"

"మానిటర్." ఒకసారి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గేమింగుది."

షాకిర్ ఆ గుండును చూశాడు, దానిమీది గంధం చూశాడు, ఇస్త్రీ చొక్కా చూశాడు. పాపం, నవ్వలేదు, ఏమీ అనలేదు. "ఎవరికి సార్?" అని మాత్రం అడిగాడు. అంగట్లో అందరినీ అడిగే మాటే అది.

'నాకు' అంటే సరిపోయేది. ఆ చిన్న మాట అనబోయి చుట్టూ చూశాడు. పక్కనే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కీబోర్డులు నొక్కి చూస్తున్నారు. గేమింగు అన్న మాట వినపడి ఇటు తిరిగారు. వాళ్లలో ఒకడి పెదవి కొంచెం వంకర పోయినట్టు గిరిప్రసాద్‌కి అనిపించింది. పోయిందో లేదో దేవుడికే తెలియాలి.

"మావాడికి" అనేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. షాకిర్ ముఖం ఇంకా ప్రశ్నలాగే ఉండేసరికి, "మా అబ్బాయికప్పా. కొడుక్కి" అన్నాడు.

అయ్యా, ఆ దంపతులకు పిల్లల్లేరు. పెళ్లయిన కొత్తలో ఒకే ఒకసారి కడుపు నిలిచి, నెలలు నిండకముందే పోయింది. ఆ తర్వాత ఆసుపత్రులూ అయ్యాయి, మొక్కులూ అయ్యాయి. ఆ ఊసు ఇంట్లో ఎత్తడం ఎప్పుడో మానేశారు. ఎత్తని ఆ ఊసును ఈ మనిషి తీసుకొచ్చి, ఎవడో కుర్రాడు నవ్వుతాడేమోనన్న భయంతో, అంగట్లో బల్లమీద పెట్టాడు. పంకజాక్షి పక్కనే ఉంది, ప్రసాదం సంచి చేత్తో పట్టుకుని. ఆవిడ వైపు తిరిగి చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు. మేనల్లుడికని చెప్పి ఉంటే పోయేది కదా అని అప్పుడు తోచింది. అప్పుడు తోచి ఏం లాభం?

షాకిర్ హుషారుగా ఒక పెద్ద తెర దగ్గరికి తీసుకుపోయాడు. "ఇది సూడండి సార్. ముప్పై రెండు ఇంచులు, వంపు తెర. పిల్లోళ్లకి ఇదంటే ప్రాణం."

అది సినిమాలు చూసుకోవడానికి తప్ప ఆటకు పనికిరాదని గిరిప్రసాద్‌కి చూడగానే తెలిసిపోయింది. ఇప్పుడు చూడండి తమాషా. ఏమీ తెలియని తండ్రి అయితే సరే అని కట్టించుకుపోవాలి. అన్నీ తెలిసిన ఆటగాడైతే ఛీ అనాలి. ఈయన తండ్రి వేషంలో ఉన్న ఆటగాడు.

"మావాడు... నూట ఎనభై హెర్ట్జ్ ఉండాలన్నాడప్పా. దీంట్లో బొమ్మ అంత జోరుగా మారదు కదా" అన్నాడు.

"ఓహో! తమ్ముడికి బాగా తెలుసే! అయితే ఇట్లా రండి. నూట ఎనభైది ఇదో, ఇరవై ఏడు ఇంచులు."

గిరిప్రసాద్ దాని వెనక్కి పోయి అంటించిన చీటీ చదివాడు. "ఇది వీఏ ప్యానెల్. మావాడు వద్దన్నాడు. సీకటి సోట మనుషులు మరక మాదిరి సాగుతారంట. ఐపీఎస్ ప్యానెల్ అయితేనే తెమ్మన్నాడు."

"సరే, ఐపీఎస్‌లో ఇరవై ఏడు..."

"ఇరవై ఏడు వద్దంట. మెడ అటూ ఇటూ తిప్పాల్సొస్తాదంట. పైగా దానికి వాని గ్రాఫిక్స్ కార్డు సాలదంట. ఇరవై నాలుగే కావాలంట."

"అబ్బా, ఏం పిల్లోడు సార్! ఎవరి మాటా ఇనే రకం కాదు మాదిరుండాది."

"ఇనడప్పా. మొండోడు. పట్టినాడంటే వదలడు."

ఒక్కొక్క మానిటర్ వద్దన్నకొద్దీ ఆ లేని పిల్లవాడికి ఒక్కొక్క గుణం వచ్చి చేరింది. వాడికి అన్నీ తెలుసు. వాడు మోసపోడు. వాడు పెద్దవాళ్ల కంటే ముందే చదివి తెలుసుకుంటాడు. గిరిప్రసాద్‌కి మొదట్లో ఉన్న వణుకు తగ్గి, అదొక సరదాలా అయింది. "లెక్కలెట్లా సార్ తమ్ముడికి?" అని షాకిర్ అడిగితే, "నూటికి నూరు!" అనేశాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆ మనిషి ముఖంలో నిజంగానే గర్వం వెలిగింది. ఏం చెప్పమంటారు ఇలాంటివాణ్ణి!

షాకిర్ నవ్వుతూ ఈసారి పంకజాక్షి వైపు తిరిగాడు. "నాయనలను అడిగితే ఏ క్లాసో కూడా సెప్పలేరు, మిమ్మల్నే అడగాల. ఏం సదువుతా ఉండాడు మేడమ్?"

పంకజాక్షి అబద్ధం ఆడే మనిషి కాదు. కూరగాయల బండివాడు చిల్లర ఎక్కువిస్తే వీధి చివరిదాకా వెంటపడి ఇచ్చి వచ్చే మనిషి. ఆమె నోరు తెరిస్తే తన పరువు గంగలో కలిసినట్టేనని గిరిప్రసాద్ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

"టెన్త్" అంది పంకజాక్షి.

అంతే, ఏ తొట్రుపాటూ లేకుండా. ఆ తర్వాత తెరకు దగ్గరగా వచ్చి, "దీనివల్ల కండ్లు మండవు కదా నాయనా? ఊరికే రుద్దుకుంటాడు. ముక్కు ఆనించి సూస్తాడు తెరని" అంది. "కంచంలో అన్నం పెట్టి పిలస్తానే ఉండాల. ఒక్క ఆటంటాడు, ఇంకొక్క ఆటంటాడు."

ఇవన్నీ తన అలవాట్లే. గిరిప్రసాద్‌కి పోయిన ప్రాణం లేచి వచ్చింది. భార్య తనను కాపాడుతోంది, పైపెచ్చు తన మీదే చెణుకులు వేస్తోంది అనుకున్నాడు. ఇంటికెళ్లాక ఇద్దరూ చెప్పుకుని నవ్వుకోవచ్చు అని కూడా అనుకున్నాడు. అంత తెలివి ఆ బుర్రకి.

చివరికి ఒక ఇరవై నాలుగు ఇంచుల మానిటర్ తేలింది. హెర్ట్జ్ సరిపోయింది, ప్యానెల్ సరిపోయింది. షాకిర్ దాన్ని అంగట్లోని కంప్యూటర్‌కి తగిలించి, ఆ తుపాకుల ఆటే పెట్టాడు. "ఊరికే ఒకసారి మౌసు కదిలించండి సార్, ఎంత నున్నగా పోతాదో మీకే తెలుస్తాది."

గిరిప్రసాద్ ఊరికే కదిలిద్దామనే కూర్చున్నాడు. మేడ మీదినుంచి ఒకడు దూకాడు. వాడు చారలా సాగలేదు, చెయ్యీ కాలూ విడివిడిగా కనిపించేంత స్పష్టంగా మనిషిలాగే దూకాడు. చెయ్యి దానంతటదే పని చేసింది. ఒకడు పడ్డాడు, మెట్ల చాటున రెండోవాడు, వెనక్కి తిరిగి మూడోవాడు. కీబోర్డుల దగ్గరి కుర్రాళ్లు వచ్చి వెనక నిలబడింది కూడా ఆయనకు తెలియదు. "సూపర్ అన్నా!" అని వాళ్లలో ఒకడు అరిచాకే ఈ లోకంలో పడ్డాడు.

షాకిర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత మెల్లగా, స్నేహంగా అడిగాడు. "సార్, నిజం సెప్పండి. ఆడేది మీరే కదా? దాంట్లో ఏముండాది సార్, మీకంటే పెద్దోళ్లు కూడా వస్తారు మా అంగడికి."

చూశారా, తలుపు తెరిచి రమ్మన్నాడు. ఎంత మర్యాదగా తెరిచాడు! కుర్రాళ్ల ముఖాల్లో కూడా వెక్కిరింపు లేదు, మెచ్చుకోలే ఉంది. 'అవునప్పా, నేనే' అంటే నలుగురూ నవ్వేవాళ్లు, ఆ నవ్వులో ఆయనా కలిసిపోయేవాడు. కానీ అప్పటికి కొడుక్కి నూటికి నూరు మార్కులు వేసేసి ఉన్నాడు. ఇప్పుడు కొడుకు లేడని ఏ ముఖం పెట్టుకుని చెప్పడం?

"ఛ ఛ, నేనేందప్పా! మావాడే నేర్పించినాడు. కూసోబెట్టి నేర్పించినాడు" అన్నాడు.

రెండోసారి చెప్పిన ఆ అబద్ధం మొదటిదానిలా నోరు జారింది కాదు. తెలిసి, ఆలోచించి చెప్పింది. గిరిప్రసాద్ కుర్చీలోంచి లేస్తూ భార్య వైపు చూశాడు. ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె అసలు ఆయన్ని చూడటం లేదు. మానిటర్ స్టాండు మీద చెయ్యి వేసి ఉంది.

"ఇది పైకి లేస్తాదా నాయనా?" అని షాకిర్‌ని అడిగింది. "మావాడు పొడుగు. గూని పడిపోతాడేమో వంగి వంగి."

"లేస్తాది మేడమ్, సూడండి" అని షాకిర్ తెరను పైకి లేపి చూపించాడు.

"ఈ కాలు ఎడంపక్కకి ఇంత వచ్చిందే. వానిది ఎడమసేతి వాటం. మా నాయన మాదిరి. మౌసు ఇటుపక్క పెట్టుకోవాల. అడ్డం రాదు కదా?"

గిరిప్రసాద్ పొట్టి. కుడిచేతి వాటం. ఇది తన గురించి కాదు.

ఆమె వేళాకోళం ఆడటం లేదు, తనను కాపాడటం లేదు. పొడుగ్గా, తాత పోలికతో, ఎడమచేత్తో అన్నం కలుపుకోబోతే అమ్మ చేత దెబ్బలు తిన్న పిల్లవాడెవడో ఆమె కళ్ల ముందు ఉన్నాడు. ఈరోజు పుట్టినవాడు కాదు వాడు. ఆమె దగ్గర చాలా ఏళ్లుగా పెరుగుతున్నవాడు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుంటూ ఈయనకు ఆ సంగతే తెలియదు.

ఇంతలో షాకిర్ మానిటర్‌ని కొత్త డబ్బాలో పెట్టి, టేపు అంటించి, వెండి రంగు మార్కర్ తీశాడు. "మా అంగట్లో ఒక అలవాటు మేడమ్. గేమింగు సామాను ఏది పోయినా డబ్బా మీద ఆడేవాళ్ల పేరు పెద్దగా రాసి ఇస్తాం. పిల్లోళ్లు ఆ అట్ట కత్తిరించి గోడకి పెట్టుకుంటారు. తమ్ముడి పేరు?"

ఏదో ఒక పేరు అనేద్దామని గిరిప్రసాద్ నోరు తెరిచాడు.

"లోహిత్" అంది పంకజాక్షి.

ఆ పేరు ఆయన ఏనాడూ వినలేదు. చుట్టాల్లో లేదు, వీధిలో లేదు. అప్పటికప్పుడు వెతుక్కుని చెప్పిన పేరులా లేదు అది. నోటికి బాగా అలవాటైన పేరులా, ఇంట్లోకి కేకేసి పిలిచినట్టుగా చెప్పింది. షాకిర్ మార్కర్ మూత తీసి, ఒక్కొక్క అక్షరం అందంగా దిద్దుతూ 'లో' అని రాశాడు.

ఇక గిరిప్రసాద్ సిగ్గుతో ఆగలేకపోయాడు. "ఆగప్పా! రాయొద్దు" అని కేకేశాడు. "అంతా అబద్ధం. ఆడేది నేనే. మానిటర్ నాకే. మాకు కొడుకు లేడు. మాకు పిల్లోళ్లే లేరు."

షాకిర్ చేతిలో మార్కర్ అలాగే ఉండిపోయింది. కీబోర్డు కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పేశాక గిరిప్రసాద్‌కి గుండె తేలికపడింది. సిగ్గు చంపుకుని నలుగురి ముందూ నిజం ఒప్పుకున్నాడు, మరి చిన్న విషయమా! ఆ తేలికతోనే భార్య వైపు తిరిగాడు.

పంకజాక్షి ముఖంలో నెత్తురు లేదు. డబ్బా మీది ఆ ఒక్క అక్షరాన్ని చూస్తూ ఉంది. కొంగు సర్దుకుని, తలుపు తోసుకుని బయటికి పోయింది.

"సారీ సార్. నాకు తెలీదు సార్" అన్నాడు షాకిర్. ఏ తప్పూ చేయనివాడు ఆ మాట అంటుంటే గిరిప్రసాద్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డబ్బా మారుస్తానని షాకిర్ లోపలికి పోబోయాడు. గిరిప్రసాద్ వద్దని చెప్పి, బిల్లు కట్టేసి, ఆ డబ్బానే చంకన పెట్టుకుని బయటికొచ్చాడు.

రోడ్డు మీద జీపుల వాళ్లు కాళహస్తి, కాణిపాకం అని అరుస్తున్నారు. అంగడి బోర్డు నీడలో పంకజాక్షి నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు, ఆ దారి కూడా లేకుండా నిలబడి ఉంది.

"తప్పయిపోయింది పంకజా. అందుకే కదా అందరి ముందర ఒప్పుకున్నా" అన్నాడు.

"ఎవర్నడిగి ఒప్పుకున్నారు?"

ఆయనకి అర్థం కాలేదు.

"అబద్ధం మొదులుపెట్టేటప్పుడు నన్నడగలేదు. పోనీ, నోరు జారినారు అనుకున్నా. ఆపేటప్పుడన్నా అడగాల్నా వద్దా? మీ సిగ్గుకి ఆ బిడ్డనే అడ్డం పెట్టుకున్నారు. మళ్లా మీరు మంచోళ్లనిపించుకునేదానికి ఆ బిడ్డనే లేడు పొమ్మన్నారు." గొంతు పెంచకుండా, ఒక్కొక్క మాట విడగొట్టి చెప్పింది. "ఆ పేరు నా నోట్లోంచి బయటికొచ్చింది ఈరోజే. ఇంకొక మనిషి ఆ పేరు రాస్తా ఉంటే సూసింది ఈరోజే. రాసేదాకా అన్నా ఆగకూడదా?"

గిరిప్రసాద్ డబ్బా మీది అక్షరం చూసి, "ఆ పేరు ఎప్పుడు పెట్టినావు?" అని అడిగాడు.

"ఆస్పత్రిలోనే. మొగబిడ్డ అని నర్సమ్మ సెప్పింది."

"మొగబిడ్డా? నాతో ఎవరూ సెప్పలేదే!"

"మీరు అడగలేదు. పేపర్లు దిద్దే డ్యూటీ నుంచి సాయంత్రానికి వచ్చినారు. 'పోనీలే, ఇంకా వయసుండాది' అన్నారు. తెల్లారి మళ్లా డ్యూటీకి పోయినారు."

నిజమే. అలాగే అన్నాడు. ధైర్యం చెబుతున్నాననుకుని అన్నాడు. అది ధైర్యం చెప్పడం కాదు, ఆ బాధ దగ్గర కూర్చోవడానికి భయపడి పారిపోవడమని ఈ నడిరోడ్డు మీద, ఇన్నేళ్ల తర్వాత తెలిసింది. బడిలో ఎవరి బిడ్డ ఏం చేస్తున్నాడో నిలదీసి అడిగే మనిషి, తన బిడ్డ ఆడో మగో అడగలేదు. కుప్పయ్యని నిలబెట్టి కడిగేసిన నోటితో ఒక్కసారి కూడా అడగలేదు. ఆట ఆడుతున్నందుకు ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాడు. సిగ్గుపడవలసింది దానికి కాదు.

చిత్తూరు బస్సు దొరికింది. కిటికీ పక్క సీట్లో పంకజాక్షి కూర్చుంది. డబ్బా మోకాళ్ల మధ్య పెట్టుకుని గిరిప్రసాద్ పక్కన కూర్చున్నాడు. పైనున్న ఆ ఒక్క అక్షరం ఆయనకు ఎదురుగానే ఉంది. పక్క సీటు మనిషి దాన్ని చూసి, "టీవీనా సార్?" అని పలకరించాడు. "కాదప్పా, గేములు ఆడేదానికి మానిటర్. నాకే" అన్నాడు గిరిప్రసాద్. అది చెప్పడం ఇంత సులువా అనిపించింది. ఇంత సులువైన మాట చెప్పలేక ఎంత పని చేశాడు!

పంకజాక్షి విననట్టే బయటికి చూస్తూ ఉంది. మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. క్షమించమని అడుగుదామనుకున్నాడు. అది కూడా తన కోసం అడగడమే అవుతుందని ఊరుకున్నాడు. పదహారేళ్ల కిందట అడగాల్సినవి ఎన్ని ఉన్నాయో తలుచుకుంటుంటే ఏది ముందు అడగాలో తెలియలేదు. పూతలపట్టు దాటాక, చాలా మెల్లగా అడిగాడు.

"లోహిత్... ఎట్లుంటాడు పంకజా?"

ఆమె కిటికీలోంచి ముఖం తిప్పకుండానే చెప్పింది.

"మంచోడు. ఈరోజు మిమ్మల్ని ఆ అంగట్లో సూసుంటే, మీకు బదులు వాడు సిగ్గుపడుండేవాడు."

గిరిప్రసాద్ చిత్తూరు వచ్చేదాకా తల ఎత్తలేదు.